నూగా, ఫైబరా

రెండు వేల ఐదు మార్చి నెలాఖరున వెంకటరామప్ప మేష్ట్రు చిక్కబళ్లాపురంలో మా ఇంటికి రెండు మూటలు మోసుకొచ్చి నా కుట్టుమిషను పక్కన దించారు. ఒకటి దిండంత ఉంది. ఇంకొకటి చుట్టిన పరుపంత ఉంది.

"ప్రేమమ్మా, ముందు దీంట్లో చెయ్యి పెట్టి చూడు" అని చిన్న మూట మూతి విప్పారు.

పెట్టాను. చేతికి ఏమీ తగల్లేదు. వేళ్లు ఆడిస్తే ఏదో కదిలినట్టూ ఉంది, ఏమీ లేనట్టూ ఉంది. ఖాళీ మూట చూపించి ఎగతాళి చేస్తున్నారేమో అనుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. అప్పటికే అరచెయ్యి వెచ్చబడింది. పొయ్యి సెగలాగా బయటినుంచి వచ్చిన వేడి కాదు అది. నా ఒంటి వేడినే ఎవరో పట్టి ఉంచి నాకే తిరిగి ఇస్తున్నట్టుంది. నడివీధిలో ఎండ మండిపోతున్నా చెయ్యి బయటికి తీయబుద్ధి కాలేదు.

"ఏముండాది సార్ దీంట్లో?"

"బాతు రొమ్ము మీద, పెద్ద ఈకల కింద, మెత్తగా నూగుంటాది చూడు, అది. మంచునీళ్లలో ఈదే బాతులు దీన్ని పెట్టుకోనే బతికేది. ఆ పెద్ద మూటలో ఉండేది ఫైబరు. పాలిస్టరు దూది అనుకో. ఈ రెండిట్లో మనకు ఒకటే ఇస్తారంట. ఏది కావల్లో నువ్వు చెప్పల్ల."

"నేనా సార్?"

"కుట్టేది నువ్వే కదమ్మా."

మేష్ట్రు సర్కారీ హైస్కూల్లో సైన్సు చెప్పి అంతకు ముందు ఏడాదే రిటైరయ్యారు. మా ఆయన అమరనాథ్ కూడా ఆయన దగ్గర చదువుకున్నవాడే. ఏటా పిల్లల్ని నంది కొండకో స్కందగిరికో ఎక్కించేవారు. ఆ ఏడు మాత్రం పదో తరగతి ఎస్సెస్సెల్సి పరీక్షలు రాసిన ఎనిమిది మందిని హిమాలయాలకు పదహారు రోజుల ప్రవాస, అంటే విహారయాత్ర, తీసుకుపోతానని కూర్చున్నారు. ఐదుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. మంచులో, గుడారాల్లో పడుకోవాలి. దానికి ఒక్కొక్కరికీ ఒక స్లీపింగ్ బ్యాగు కావాలి.

ఆయన పాత శిష్యుడు రూపేష్ బెంగళూరులో చలికోట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఏదో ఆర్డరు రద్దయి సరుకు మిగిలిందట. నైలాను గుడ్డ ఊరికే కావలసినంత తీసుకోమన్నారు. లోపల నింపడానికి నూగైనా, ఫైబరైనా, ఏదో ఒకటే. రెండోది ఇంకో ఊరి పిల్లలకు పోతుంది. రెండు వారాల్లో చెప్పాలి. అందుకని రూపేష్ రెండిటి నమూనా పంపాడు. రెండిటితోనూ ఒక్కొక్క సంచి కుట్టి చూడమని మేష్ట్రు నన్ను అడిగారు.

నేను కుట్టేది రవికలు, పరుపు గలీబులు, చలికాలంలో బొంతలు. మంచు అనేది ఫ్రిజ్జులో తప్ప చూసినదాన్ని కాదు.

పోతూ పోతూ మేష్ట్రు గుమ్మంలో ఆగారు. "ఇంకో మాట. ఆడపిల్లోళ్ల ఇండ్లలో, పిల్లోళ్లను పంపే ఒప్పిగె పత్రం మీద సంతకం చేయం అంటాండారు. వెంట ఆడమనిషి ఎవరన్నా వస్తేనే అంట. మా శాలె టీచరమ్మకు మౌల్యమాపన డ్యూటీ పడింది, పేపర్లు దిద్దల్ల. నువ్వు రాకూడదా?"

నేను నవ్వేశాను. పక్కనే ఉన్న అమరనాథ్ నవ్వలేదు. "పదహారు దినాలా సార్? మా నాయనకు అన్నం ఎవరు పెడతారు?" అన్నాడు.

మా మామ బైరప్ప అప్పుడు గోడవార మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనది బాగేపల్లి పక్క పల్లె. మూడేళ్లు వరసగా వానల్లేక శనక్కాయ పంట పోతే, భూమిని అట్లే వదిలి మా దగ్గరికి వచ్చేశాడు. నాతో ముఖాముఖి మాట్లాడడు. దాహమైతే గోడకు చెప్పినట్టు "నీళ్లు" అంటాడు. ఆ రోజు ఆ చిన్న మూట వైపే చూస్తున్నాడు.

*

ఫైబరు సంచి ఒక్కరోజులో అయిపోయింది. బొంత కుట్టినట్టే పరిచి, పైన కింద గుడ్డ వేసి, గీతలు గీతలుగా మిషను కొట్టేశాను.

నూగు సంచి ఆరు రోజులు తీసుకుంది. గుడ్డను ముందు గొట్టాలు గొట్టాలుగా కుట్టుకోవాలి. ఒక్కో గొట్టంలో నూగు నింపి మూతి మూసేయాలి. మొదటి రోజు మూట విప్పి రెండు పిడికిళ్లు తీశానో లేదో, వీధిలో లారీ పోయిన గాలికి ఇల్లంతా తెల్లబడింది. అన్నం గిన్నెలో, దేవుడి పటాల మీద, మిషను చక్రంలో అంతటా నూగే. మర్నాటినుంచి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, మంచానికి దోమతెర కట్టి, మూటతో పాటు నేనూ ఆ తెరలోకి దూరాను. ప్లాస్టిక్ సీసా అడుగు కోసి గరాటు చేసుకున్నాను. ముక్కుకు తువ్వాలు. ఏప్రిల్ ఉక్క. చెమట కళ్లలోకి కారుతుంటే, చేతిలో మాత్రం ఆ బరువులేని వస్తువు.

ఒక సాయంత్రం తెర సందులోంచి ఒక్క నూగు రేకు తప్పించుకుంది. గదిలో గాలి లేదు. అయినా అది కింద పడలేదు. పడబోయినట్టే వచ్చి మళ్లీ పైకి లేచింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అమరనాథ్ టిఫిన్ క్యారియర్ చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. మా మామ మంచం మీదినుంచి లేచి దాని వెనకే నడిచాడు. వంటింటి గుమ్మం దాకా పోయి, అరచెయ్యి చాపి చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. చివరికి అది వచ్చి ఆయన చేతిలో వాలింది. నలభై ఏళ్లు మడక పట్టి దున్నిన చెయ్యి అది. ఆ చేతిలో అది వాలిన సంగతి ఆయనకు తెలియలేదు. చూస్తే తెలిసింది.

"ఇది వాలిందనేదే తెలీలేదే" అన్నాడు, ఎవరితోనో.

*

రెండు సంచులూ అయ్యాయి సరే, వాటిని చలిలో పరీక్షించేది ఎట్లా? ఏప్రిల్‌లో మా జిల్లాలో చలి ఎక్కడుంది?

"మా స్టోరేజ్‌లో ఉండాది" అన్నాడు అమరనాథ్.

ఆయన ఊరి బయట ద్రాక్షపళ్ల కోల్డ్ స్టోరేజ్‌లో మిషను ఆపరేటరు. మేనేజర్ని అడిగి ఆదివారం మధ్యాహ్నం సగం ఖాళీగా ఉన్న ఒక గది ఇప్పించుకున్నాడు. ఎవరు పడుకోవాలనే దగ్గర మాట ఆగింది. నేను పడుకుంటానన్నాను. హమాలీలంతా తిరిగే చోట నువ్వెట్లా అని మా ఆయన గొణిగాడు. అప్పుడు మా మామ లేచి తలగుడ్డ బిగించుకున్నాడు.

"నేను పండుకుంటా."

"ఈ వయసులో నీకేంటికి నాయనా?"

"ముసలోని ఒంటికే సలి ముందు తెలిసేది. నాకు ఆగితే పిల్లోళ్లకు ఆగుతాది."

మేష్ట్రు, నేను, వాళ్లిద్దరూ కలిసి పోయాం. ముందు ద్రాక్ష పెట్టెలు తూచే తక్కెడ మీద సంచులు పెట్టాం. నూగుది కిలో చిల్లర. ఫైబరుది రెండుంపావు కిలోలు. చుట్టి కడితే నూగు సంచి ఒక గుమ్మడికాయంత అయింది. ఫైబరు సంచి మనిషి రెండు చేతులా పట్టుకుంటే గాని మోయలేనంత లావుగా మిగిలింది.

బయట ముప్పై ఏడు డిగ్రీల ఎండ. అమరనాథ్ ఆ మందపాటి తలుపు లాగగానే తెల్లటి పొగ మా కాళ్ల మీదికి పొర్లింది. లోపల పై కప్పు దాకా ద్రాక్ష పెట్టెలు. వాటి తీపి వాసన కూడా చల్లబడి గడ్డకట్టినట్టుంది. గోడ మీద మీటరు ఒక డిగ్రీ చూపిస్తోంది. మా మామ రెండడుగులు వేసి ఆగాడు. నోరు తెరిచి ఊదాడు. మళ్లీ ఊదాడు.

"నోట్లోంచి పొగొస్తాండాది సూడప్పా" అన్నాడు కొడుకుతో. అరవై ఆరేళ్ల మనిషి. ఆ ముఖంలో అంత ఆనందం నేను ఎన్నడూ చూడలేదు.

మొదట ఫైబరు సంచి. ఇరవై నిమిషాలకొకసారి అమరనాథ్ పోయి చూసి వచ్చాడు. గంటన్నర తర్వాత మామ బయటికి వచ్చి ఎండలో కూర్చుని టీ తాగాడు.

"పర్వాలేదు. కానీ గీతలు గీతలుగా సలి తగిలె" అని తన ఛాతీ మీద వేలితో అడ్డంగా గీతలు గీసి చూపించాడు. అవి నేను మిషను కొట్టిన గీతలే. సూది దిగిన చోటల్లా ఫైబరు అణిగి పల్చబడింది. ఆ సందులోంచే చలి దూరింది. కళ్లతో చూడకుండా నా కుట్టు మొత్తం ఆయన ఒళ్లు చదివేసింది.

తర్వాత నూగు సంచి. రెండోసారి చూడ్డానికి పోయిన అమరనాథ్ కంగారుగా తలుపు తీశాడు. "పిలిస్తే పలకలేదు!"

తలుపు దగ్గర వేలాడే జర్కిన్లు లాక్కుని ముగ్గురం పరుగెత్తాం. మేష్ట్రు సంచి మూతి విప్పారు. లోపల మా మామ నిద్రపోతున్నాడు. నుదుటి మీద చెమట. సన్నగా గురక. చుట్టూ జర్కిన్లు వేసుకుని, చలికి పళ్లు కటకటలాడుతూ మేము ముగ్గురం, మధ్యలో ఒక డిగ్రీ చలిలో చెమట పట్టి నిద్రపోతున్న ముసలాయన. పల్లె వదిలి వచ్చినప్పటి నుంచి ఆయన అంత గాఢంగా నిద్రపోయింది లేదు. లేపాలని ఎవరికీ అనిపించలేదు. మేష్ట్రు చేతులు జోడించారు. ఎవరికో మరి, నాకు తెలియదు.

లేచాక అడిగితే, "కళ్లంలో శనక్కాయ కట్టె వామి లోపలికి దూరి పండుకున్నట్టుండె" అన్నాడు మామ. "ఆ బాతులు ఎంత సలి సూసినాయో ఏమో."

"ఇంగ మాట లేదు. నూగే" అన్నారు మేష్ట్రు. "రేపే రూపేష్‌కు ఫోన్ చేస్తా."

నాకూ అదే అనిపించింది. సంచి మడవడానికి కిందికి వంగాను. కాళ్ల వైపు తడి తగిలింది. పైన చల్లటి పైపుల నుంచి బొట్లు బొట్లుగా నీళ్లు కారి అక్కడ పడ్డాయి. అక్కడి రెండు గొట్టాల్లో నూగు మాయమైపోయింది. వానలో తడిసిన కోడిపిల్ల రెక్కల్లా ఒక మూలకు అతుక్కుని చిన్న ఉండయింది. మిగతాదంతా ఉత్త గుడ్డే.

*

ఆ సంచిని మిద్దె మీద మా ఊరి ఎండలో ఆరేశాను. ఒకరోజు. రెండు రోజులు. మూడో రోజు కూడా ఉండలు వేళ్లతో విడదీస్తే గాని విడలేదు. ఈలోగా ఫైబరు ముక్క ఒకటి బకెట్లో ముంచి, పిండి, నైలాను గుడ్డలో చుట్టి చెయ్యి పెట్టి చూశాను. తడి తడిగానే ఉంది. కానీ అది అణగలేదు. పిండినా మళ్లీ పొంగింది. కాసేపటికి చెయ్యి వెచ్చబడింది. నూగంత కాదు, దాంట్లో సగం కూడా కాదు. అయినా వెచ్చబడింది.

నూగు సంచీ, ఫైబరు ముక్కా రెండూ తీసుకుని మేష్ట్రు ఇంటికి పోయాను. నేను ఒక్కదాన్నే ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి.

"నేను గుడక ఆలోచన చేసినానమ్మా" అన్నారు ఆయన. "కానీ బరువు చూడు. అన్నాలు లేక ఎండిపోయిన పిల్లోళ్లు. రెండుంపావు కిలోలు వీపున వేసుకోని కొండెక్కల్లంటే ఎట్ల? నూగైతే కిలో. తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెడతాం."

"ఎనిమిది మంది సార్. ఒకరు కవరు సరిగ్గా కట్టకపోయినా, ఆ రాత్రి ఆ పిల్లోడు ఎట్ల?"

ఆయన సంచిలోని నూగు ఉండను వేళ్లతో నలుపుతూ కిటికీ వైపు తిరిగారు. ముప్పై ఐదేళ్లు సైన్సు చెప్పిన మనిషి ముందు, ఎనిమిదో తరగతితో మానేసిన నేను నిలబడి ఉన్నాను. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

నా వైపు తిరిగి "రూపేష్‌కు ఏం చెప్పమంటావు?" అన్నారు.

"ఫైబరు అని చెప్పండి సార్."

ఆ సంగతి నాకన్నా ముందే ఇంటికి చేరింది. "మేష్ట్రుకే ఎదురు చెప్పొచ్చినావంట?" అన్నాడు అమరనాథ్, చెప్పులు విడవక ముందే.

మూలనుంచి మామ గొంతు వినిపించింది. "చెప్తే తప్పేముండాది? తడి చూసింది ఆమె. ఎండబెట్టింది ఆమె." కొడుకు వైపు తిరిగి, "అమరా, ఈమెను పిల్లోళ్ల వెంట పంపించు" అన్నాడు.

"నీకు అన్నం ఎవరు..."

"నాకు చేతుల్లేవా?"

అమరనాథ్ ఆ రాత్రి తన అన్నం తానే వడ్డించుకున్నాడు. మర్నాడు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, కోల్డ్ స్టోరేజ్‌లో తను వేసుకునే జర్కిన్ సబ్బు పెట్టి ఉతికాడు. ఆరాక మడిచి నా మిషను మీద పెట్టాడు.

*

కొత్త సంచుల్లో ఫైబరు రెండు పొరలు వేశాను. ఒక పొర కుట్టు మీద రెండో పొర కుట్టు పడకుండా జరిపాను. మొదట కుట్టిన సంచిని విప్పి అట్లాగే మార్చి నేను ఉంచుకున్నాను. పిల్లలకు ఎనిమిది. నమూనా నూగు సంచి ఒకటే ఉంది కదా, దాన్ని మేష్ట్రుకు ఇచ్చాను. ఆయన మోకాళ్లు నొప్పి. తేలికది ఆయనే మోయాలి.

రెండు రైళ్లు, ఒక బస్సు. బస్సు మలుపు తిరిగిన ఒక తెల్లవారుజామున నా పక్కన కూర్చున్న శృతి నా భుజం కుదిపింది. చింతామణి పక్క పల్లె పిల్ల, సన్నగా జొన్నదంటులా ఉంటుంది.

"అక్కా, అది మోడమా?"

చూశాను. చెట్ల పైన, కొండల పైన, ఇక ఆకాశం తప్ప ఏమీ ఉండకూడని చోట మబ్బులా ఏదో తెల్లగా నిలబడి ఉంది.

"మోడమే అయ్యింటాది" అన్నాను.

"మోడమైతే కదలల్ల కదక్కా."

అది కదల్లేదు. బస్సు కదిలింది, లోయ కదిలింది, చెట్లన్నీ వెనక్కి పోయాయి. అది మాత్రం అట్లాగే ఉంది. శృతి నా చెయ్యి వదల్లేదు. కొండను చూడాలంటే తల అంత పైకెత్తాలని నాకు అప్పటిదాకా తెలియదు.

నడక మొదలైంది. దారి చూపడానికి బస్సు దిగిన ఊరి మనిషి ఒకాయన, గుడారాలు మోయడానికి ఇద్దరు. మిగతాది ఎవరిది వాళ్లే మోసుకోవాలి. మొదటి రోజే అబ్బాయిల గొణుగుడు నా చెవిన పడింది. "మేష్ట్రు సంచి చూడు ఎంతుండాదో. మనవి చూడు, గాడిద మోత." రెండో రోజు శృతి భుజాల మీద పట్టీలు ఒరుసుకుని తోలు లేచింది. ఆమె సంచి కూడా నా వీపున కట్టుకున్నాను. నాలుగున్నర కిలోలు. ఊపిరి అందడం లేదు. ప్రతి ఉదయం ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. ఒక్క చినుకు లేదు. నూగు తీసుకుని ఉంటే ఈ పిల్లలు ఆడుతూ పాడుతూ ఎక్కేవాళ్లు కదా అని మూడు రోజులు నన్ను నేను తిట్టుకున్నాను. మేష్ట్రు ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

నాలుగో రోజు కనుమ కింద గుడారాలు వేశాం. మధ్యాహ్నం మూడు దాటాక పైనుంచి మబ్బు జారి వచ్చింది. ముందు వడగళ్లు. తర్వాత నీళ్లూ మంచూ కలిసిన వాన, దానితో గాలి. మూడు గుడారాల్లో ఒకటి చినిగి ఎగిరిపోయింది. మిగిలిన రెండింటిలోకి అందరం దూరేసరికి బట్టలు, మూటలు, సంచులు అన్నీ తడిసిపోయాయి. ప్లాస్టిక్ కవర్లు కట్టినవాళ్లవీ తడిశాయి, కట్టనివాళ్లవీ తడిశాయి.

పిల్లల తడి బట్టలు విప్పించి, సంచులు పిండి వాళ్లను లోపలికి పంపాను. తర్వాత ఒక్కొక్కరి సంచిలోకీ చెయ్యి పెట్టి పాదాలు పట్టుకుని చూస్తూ పోయాను. మంచుగడ్డల్లా ఉన్నాయి. చివరిదాకా పోయి మళ్లీ మొదటినుంచి వచ్చాను. అరగంట అట్లా తిరుగుతూనే ఉన్నాను. మూడోసారో నాలుగోసారో, శృతి పాదం నా చేతికి మామూలు పాదంలా తగిలింది.

"తడిగుండాది గాని, వెచ్చగుండాదక్కా" అంది నిద్రలో ఉన్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. అదే చేత్తో ముఖం తుడుచుకుని రెండో గుడారంలోకి పోయాను. అక్కడ ఓ మూల మేష్ట్రు కూర్చునే ఉన్నారు. నూగు సంచి మోకాళ్ల మీద కప్పుకున్నారు.

"పండుకోలేదా సార్?"

"నిద్ర... రాలేదు... రేపు శాలె ఉండాదా?"

రిటైరైన మనిషి రేపు బడి ఉందా అని అడుగుతున్నారు. సంచి తాకి చూశాను. ఉత్త తడి గుడ్డ. నూగంతా అడుగున నాలుగు ఉండలై ఉంది. ఆయన చెయ్యి కట్టెలా ఉంది. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. వణుకు కూడా ఆగిపోయింది. దారి చూపే ఆయన చూసి హిందీలో ఏదో అరిచి స్టవ్ వెలిగించడానికి పరుగెత్తాడు.

నేను కుట్టిన సంచులన్నిటికీ జిప్పు ఒకే కొలత. ఇద్దరు పెద్ద పిల్లల్ని లేపి, వాళ్ల సంచులు విప్పి ఒకదానికొకటి జిప్పు కలిపాను. మేష్ట్రు తడి బట్టలు తీసి, ఆయన్ను మధ్యలో పడుకోబెట్టి, అటొకణ్ణి ఇటొకణ్ణి పడుకోబెట్టాను. పైన నా సంచి కప్పాను. గాడిద మోత అన్న పిల్లవాడే ఆయన్ను తండ్రిని పట్టుకున్నట్టు వాటేసుకున్నాడు. వేడినీళ్లలో చక్కెర కలిపి చెంచా చెంచా పోశాం. గంట గడిచింది. ముందు వణుకు తిరిగి వచ్చింది. తర్వాత మాట తిరిగి వచ్చింది.

"ప్రేమమ్మా... పిల్లోళ్లు?"

"అందరూ వెచ్చగుండారు సార్."

"సరే" అన్నారు. కళ్లు మూసుకున్నారు.

నేను పోయి శృతి సంచిలో దూరాను.

*

తెల్లారి గుడారం మూతి తీస్తే లోకమంతా ఒకే రంగు. నేలేదో రాయేదో తెలియలేదు. చిన్న చప్పుడు కూడా లేదు. మేష్ట్రు లేచి కూర్చుని టీ తాగుతున్నారు. ముఖంలో రక్తం వచ్చింది. బూట్లు వేసుకోలేదు.

"నేను ఈడనే ఉంటా. నువ్వు పిల్లోళ్లను పైకి పిల్చుకోనిపో" అన్నారు.

ఆయన్ను కనిపెట్టుకుని, గుడారాలు మోసే ఇద్దరిలో ఒకడు ఆగాడు.

రెండు గంటల నడక. దారి చూపే ఆయన ముందు, ఆయన అడుగుల్లో నేను, నా అడుగుల్లో ఎనిమిది మంది. కాలు వేసిన ప్రతిసారీ మోకాలి దాకా దిగబడుతోంది. చివరి ఎత్తు ఎక్కేసరికి ఎదురుగా ఎక్కడానికి ఏమీ మిగల్లేదు. గాలి మాత్రం ముఖానికి కొట్టింది.

అవతల కొండలు ఉన్నాయి. వాటి వెనక కొండలు. లెక్కపెట్టబోయి ఐదో వరస దగ్గర మానుకున్నాను. అన్నీ తెల్లగా, ఎండలో ఒక్కొక్కటీ ఒక్కో వెలుగుతో నిలబడి ఉన్నాయి. ఎవరూ చూడకపోయినా అవి అట్లాగే ఉండేవి. నేను పుట్టక ముందు, నా తల్లి పుట్టక ముందు, ఇట్లాగే రోజూ తెల్లవారి వాటి మీద ఎండ పడుతూ ఉంది. నేను చిక్కబళ్లాపురంలో రవికలకు గుండీలు కుడుతున్న ఆ క్షణాల్లో కూడా. ఈ మాట తట్టగానే మంచులోనే కూర్చుండిపోయాను.

శృతి నా పక్కనే కూర్చుని గొంతు తగ్గించి, గుడిలో అడిగినట్టు అడిగింది.

"అక్కా, మనం నిజంగా ఈడికి వచ్చినామా?"

"వచ్చినాం పాపా" అన్నాను. చెప్పాకే నాకూ నమ్మకం కలిగింది.

*

ఇంటికి వచ్చేసరికి నా ముఖం తోలు ఊడి నల్లబడింది. అమరనాథ్ గుర్తుపట్టనట్టు ఒక నిమిషం చూసి నా వీపు మీది మూట దించాడు. వంటింట్లో గిన్నెలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఎవరు కడిగారని నేను అడగలేదు.

మామ మంచం మీద జరిగి చోటు చూపించాడు. "కూర్చో అమ్మా. చెప్పు."

ఆయన ఎదురుగా నేను కూర్చోవడం అదే మొదలు. చెప్పాను. బస్సులోంచి కనిపించింది, వాన, మేష్ట్రు సంగతి, కనుమ. కొన్నిచోట్ల మాటలు దొరక్క చేతులతో చూపించాను. ఆయన మధ్యలో ఆపి అడిగాడు. మంచు మీద నడిస్తే చప్పుడు ఎట్లుంటాది? అంత ఎత్తులో పిట్టలుంటాయా? దాన్ని నోట్లో వేసుకుంటే ఏం రుచి? పొద్దు వాలేదాకా అడుగుతూనే ఉన్నాడు. అమరనాథ్ కాఫీ కలిపి తెచ్చి గడప మీద కూర్చుని విన్నాడు.

అంతా అయ్యాక మామ కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మేష్ట్రు వచ్చే ఏడు గుడక పిల్చుకోనిపోతాడా?"

"ఆయన మోకాళ్లు ఆగవు మామా. నన్ను పిల్చుకోని పొమ్మన్నారు."

"అట్లయితే నన్ను తీసుకోని పోతావా?"

అమరనాథ్ ఫక్కున నవ్వాడు. మామ నవ్వలేదు. "నవ్వేదానికేముండాది? దినమంతా నడిచినోన్నే కదా నేను. బరువు మోసినోన్నే కదా."

నేను లేచి మిషను సొరుగులోంచి టేపు తీశాను. "నిలబడు మామా" అన్నాను.

ఆయన గోడకు ఆనుకుని, మడమలు దగ్గరికి చేర్చి, గడ్డం పైకెత్తి నిలబడ్డాడు. పిల్లల సంచులకు కొలిచినట్టే తల నుంచి మడమ దాకా కొలిచాను. ఐదడుగుల ఐదంగుళాలు.